చేంతాడు చెప్పు లెక్క



ద్వారకలో పదునొకండవ తరగతి చదువు బిడ్డ గల తెలుగువారి యింట, వేసవి సెలవులు ముగిసిన కొలదినాళ్లకే ఒక చిక్కు తలయెత్తుచుండును. భౌతికశాస్త్రమున చలననియమముల పాఠము వచ్చును. న్యూటను చెప్పిన నియమములు మూడింటిని బిడ్డ తడుముకొనకుండ అప్పగించును. పుట త్రిప్పగనే ఒక గిలక, దానిమీదుగా ఒక దారము, దారపు కొనలకు రెండు దిమ్మలు గల బొమ్మ కనబడును. అక్కడ కలము నిలిచిపోవును.

తండ్రి సెక్రటేరియటులో సెక్షను ఆఫీసరు. ఇరువదియేండ్ల క్రిందట చరిత్రయో అర్థశాస్త్రమో చదివి బి.ఏ. ముగించి, పోటీపరీక్ష వ్రాసి ఢిల్లీ చేరినవాడు. "మాది ఆర్ట్సు నాయనా, కోచింగులో అడుగు" అని పుస్తకము తిరిగి యిచ్చివేయును. కోచింగులో ఒక సూత్రము వ్రాయింతురు: బరువుల భేదమును బరువుల మొత్తముచే భాగించి, గురుత్వత్వరణముచే గుణింపుమందురు. బిడ్డ కంఠస్థము చేయును. పదిదినములకు బొమ్మలో ఇంకొక గిలక చేరును. లేదా ఒక దిమ్మ బల్లమీది కెక్కును. సూత్రము పొసగదు. ప్రవేశపరీక్షలో తప్పు జవాబునకు ఒక మార్కు కోసివేయుదురు గనుక ఊహించి గుర్తుపెట్టుటకును ధైర్యము చాలదు. "ఫిజిక్సు నాకు రాదు" అను మాట అప్పుడు పుట్టును. పుట్టిన పిమ్మట అది ఇంటిలో నానాటికి పెద్దదగును. గ్రూపు మార్చుదుమా అను ఆలోచనవరకు పోవును.

ఆర్ట్సు చదివిన తండ్రి ఈ లెక్కకు పరాయివాడు కాడని చూపుటయే ఈ ప్రసంగపు ఉద్దేశము. ఇందులో సగము బావిగట్టున తెలిసినది. తక్కిన సగము ఆఫీసు పద్దులలో నిత్యము చేయుచున్నదే.

చేంతాడు రెండు కొనలకు రెండు బొక్కెనలు కట్టి, గిలకమీద వేసి, ఒకటి దిగుచుండగా రెండవది యెక్కునట్లు నీరు తోడుట మన యూళ్ల పెద్దలకు క్రొత్త కాదు. ఈ బొక్కెన జానెడు దిగినచో ఆ బొక్కెన జానెడు ఎక్కవలసినదే. బెత్తెడు తగ్గదు, బెత్తెడు హెచ్చదు. ఎందుచేత? తాడు సాగదు, తాడు వదులు కాదు, తాడు తెగదు. శాస్త్రమున 'నిబంధన' యనుదానిలో ఇంతకుమించి రహస్యము లేదు. దిగిన దూరమును ఎక్కిన దూరమును ఎల్లప్పుడును సమానములైనచో వేగములును సమానములు; వేగములు ఎల్లప్పుడును సమానములైనచో వేగము మారు రేటు, అనగా త్వరణము, అదియును సమానము. రెండు దిమ్మల త్వరణమునకును ఒకే అక్షరము వ్రాయుట కిదియే హేతువు. పుస్తకములు దీనిని ఒక్క వాక్యమున దాటిపోవును. పిల్లలు ఆ వాక్యమును చదువక సమీకరణమునకు దుముకుదురు. లెక్క చెడునది అక్కడనే.

రెండవ సంగతి తాడులోని బిగువు. తెలుగు పాఠ్యపుస్తకములు దీనిని తన్యత యనును. తాడు తేలికదియు, గిలక తేలికదై రాపిడి లేనిదియు నైనచో ఆ బిగువు ఈ కొననుండి ఆ కొనవరకు ఒక్కటే. తాడు లాగగలదే గాని నెట్టలేదు. తాడు నెట్టుచున్నట్లు జవాబు వచ్చినచో, అనగా బిగువు సున్నకంటె తక్కువైనచో, తాడు వదులైపోయినదని యర్థము. లెక్కను మరల మొదటినుండి చూడవలెను.

ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి పదునొకండవ తరగతి పుస్తకమున, ఈ పాఠపు అభ్యాసములలో, 8 కిలోలు, 12 కిలోలు గల దిమ్మల లెక్క యొకటి కలదు. గురుత్వత్వరణము సుమారు 10 అనుకొన్నచో దిమ్మల బరువులు 80, 120 న్యూటనులు. సమీకరణము వ్రాయకమునుపే తండ్రి అడుగదగిన ప్రశ్న యొకటి యున్నది: తాడులో బిగువు ఎంత యుండవచ్చును? కొందరు పిల్లలు 120 అందురు. కొందరు రెండును కూడి 200 అందురు. భేదము 40 అనువారును కలరు. బిగువు 120 అయినచో, విడిచిపెట్టిన పెద్దదిమ్మపై క్రింది లాగుడును పైలాగుడును సరిపోయి, అది కదలనే కదలదు. 80 అయినచో చిన్నదిమ్మ లేవదు. కాని పెద్దది దిగుచున్నది, చిన్నది యెక్కుచున్నది. కావున బిగువు 80కి పైన, 120కి లోపల నుండక తప్పదు. కలము కాగితమును తాకకమునుపే జవాబు నివసించు వీథి తెలిసినది! ఇందులకు బీజగణిత మక్కరలేదు; బి.ఏ. చాలును.

ఇక ఇల్లు కనుగొనుట మిగిలినది. 120లోనుండి బిగువును తీసివేయగా మిగిలినది 12 కిలోలను నడపును. బిగువులోనుండి 80 తీసివేయగా మిగిలినది 8 కిలోలను నడపును. రెండు మిగుళ్లను కూడినచో బిగువు కొట్టుకొనిపోయి, 40 న్యూటనులు 20 కిలోలను నడపుచున్నవని తేలును. త్వరణము 2, బిగువు 96. అది చెప్పిన హద్దులలోనే యున్నది.

గిలకను మోయుచున్న దూలము మాటేమి? రెండు దిమ్మల బరువు 200 గదా యని తోచును. కాని దూలముపై పడునది రెండు బిగువులు మాత్రమే, అనగా 192. ఆ 8 న్యూటనులు ఎక్కడికి పోయినవి? ఆడిటరు వదలని ప్రశ్న యిది. పెద్దదిమ్మను క్రిందికి నడపుటకు 24 ఖర్చైనవి. చిన్నదానిని పైకి నడపుటకు 16. రెంటి భేదము 8. పద్దు సరిపోయినది.

ఈ గిలకను ప్రయోగశాలలో నిలిపి ఖ్యాతి గన్నవాడు జార్జి అట్‌వుడ్. కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో బోధించుచు, 1784లో అచ్చైన గ్రంథమున దీనిని వర్ణించెను. ఆతని యుపాయము సొగసైనది. చేతినుండి విడిచిన రాయి మొదటి సెకనులోనే సుమారు 5 మీటర్లు పడును. ఆ కాలపు గడియారములతో దానిని కొలుచుట కష్టము. కాని గిలకకు ఒకవైపు 50 పాళ్లు, రెండవవైపు 51 పాళ్లు బరువు వ్రేలాడదీసినచో, మొదటి సెకనులో కదలునది 5 సెంటిమీటర్లు మాత్రమే. పతనమును నూరవవంతుకు మందగింపజేసి తీరికగా కొలిచెను. ఇచ్చట కూడినవారికి ఇంపుగా నుండు సంగతి మరియొకటి కలదు: అదే యేట ఆతడు కేంబ్రిడ్జిని విడువగా, ప్రధానమంత్రి విలియం పిట్ ఆతనికి కస్టమ్సు శాఖలో ఒక కొలువిచ్చెను. అందు హాజరు కావలసిన దినములు స్వల్పము. మిగిలిన కాలమంతయు గణితమునకే వినియోగించెనందురు. అట్టి పోస్టులు నేటి క్యాడరు రివ్యూలలో కనబడవు!

పిల్లలు తడబడు రెండవ తావు కదలెడి గిలక. తాడు ఒక కొనను పైదూలమునకు కట్టి, క్రిందికి దింపి, ఒక గిలకక్రిందుగా పోనిచ్చి, మరల పైకి తీసి, దూలముననున్న స్థిరమైన గిలకమీదుగా రెండవ కొనను వ్రేలాడనిత్తురు. క్రింది గిలకకు 8 కిలోల దిమ్మ; తాటికొనకు 6 కిలోల దిమ్మ. ఇచ్చట రెండు దిమ్మలకును ఒకే త్వరణము వ్రాసి, గబగబ లెక్కించినచో త్వరణము 2, బిగువు 48 అని చక్కని పూర్ణాంకములు వచ్చును. ఆ చక్కదనమే మోసము. జవాబు తప్పు.

ఇక్కడ ఆఫీసు పని అక్కరకు వచ్చును. తాడు పొడవు మంజూరైన మొత్తము వంటిది. ఏడాది మధ్యలో అది పెరుగదు, తరుగదు. ఒక పద్దున హెచ్చు ఖర్చు చేయదలచినచో ఇంకొక పద్దున మిగుల్పవలెను. పునఃకేటాయింపు తప్ప వేరు దారి లేదు. ఈ బొమ్మలో తాడు మూడు పద్దులుగా పంచబడినది: కదలు గిలకకు ఈ ప్రక్కనొకటి, ఆ ప్రక్కనొకటి, వ్రేలాడు కొన మూడవది. కదలు గిలక ఒక జాన పైకెక్కినచో మొదటి రెండు పద్దులలోను ఒక్కొక్క జాన మిగులును. ఆ రెండు జానలును మూడవ పద్దునకు పోవలెను. కావున 8 కిలోల దిమ్మ ఒక జాన ఎక్కునప్పుడు 6 కిలోల దిమ్మ రెండు జానలు దిగును. దీని త్వరణము దానికి రెండింతలు. త్వరణములు సమానమని వ్రాసిన బిడ్డ తాడును కత్తిరించి కురుచ చేసినవాడగును. మంజూరు లేక మొత్తమును మార్చినట్లు!

సరిగా వ్రాసినచో, 60లోనుండి బిగువు పోగా మిగిలినది 6 కిలోలను రెట్టింపు త్వరణముతో నడపును. రెండు బిగువులలోనుండి 80 పోగా మిగిలినది 8 కిలోలను నడపును. పెద్దదిమ్మ త్వరణము 1.25, చిన్నదానిది 2.5, బిగువు 45. చిన్నది పెద్దదానిని ఎత్తుచున్నది. అందులకు మూల్యముగా రెట్టింపు దూరము దిగుచున్నది.

ఈ పద్దుల విద్యలో మన రైతులు ఆరితేరినవారు. తెలంగాణమున మోట యనియు, రాయలసీమలో కపిల యనియు పిలువబడు యంత్రము కరెంటు పంపులు రాకమునుపు బావిపొలముల కాధారమై యుండెను. ఎద్దులజత ఏటవాలు దారిని దిగుచు మోకు లాగును; మోకు గిలకమీదుగా పోయి, నీరు నిండిన తోలుసంచిని పైకి తెచ్చును. వాలు దిగుటవలన ఎద్దుల బరువును లాగుటలో పాలుపంచుకొనును. ఇంతవరకు పాఠ్యపుస్తకములోని ఏటవాలు లెక్కయే. మెచ్చదగినది అటుపిమ్మటిది. సంచికి క్రింద ఒక తొండము, తొండపు కొనకు వేరొక సన్నతాడు. మోకు పైగిలకమీదుగాను, సన్నతాడు బావిగట్టుననే యున్న దొర్లుకర్రమీదుగాను పోయి, రెండును కాడికే చేరును. సంచి బావిలోనున్నంతసేపు రెండు త్రాళ్లును సమముగా నడచును. తొండము పైకి మడిగియుండి నీరు పోదు. గట్టు చేరగనే దారులు వేరగును. సన్నతాడు తొండపు మూతిని గట్టుమీదుగా తొట్టివైపు లాగును. మోకు సంచిని ఇంకను పైపైకి లాగును. తొండము చాపుకొని నీరు దానియంతట అదియే తొట్టిలో పడును. సంచిని వంచుటకు వేరొక మనిషి అక్కరలేదు. రెండు త్రాళ్ల పొడవులను ఎంచుకొనుటలోనే ఆ పనియంతయు నిమిడియున్నది. లగ్రాంజి 1788లో తన మహాగ్రంథమున ఇట్టి నిబంధనల నన్నిటిని బొమ్మ యొక్కటియు వేయక సమీకరణములలో బంధించెను. మన కమ్మరియు మాదిగయు వాటిని ఇనుముతోను తోలుతోను బంధించిరి.

ద్వారకలో పుట్టిన బిడ్డకు మోట యెక్కడిది, గిలక యెక్కడిది అని తల్లు లడుగుదురు. న్యాయమే. పప్పన్‌కలాన్ అను పేరు మారి, ఢిల్లీ అభివృద్ధి సంస్థ చేతులలో ద్వారకయైన ఈ సీమలో, సెక్టారు 12న లోడీ సుల్తానుల కాలపు మెట్లబావి యొకటి యున్నది గాని, మెట్లబావిలో మనిషియే నీటికడకు దిగును; గిలక పనిలేదు. అయినను గిలక ద్వారకను విడువలేదు. సహకార గృహసంఘముల అంతస్తుల యిండ్లలో ప్రతి లిఫ్టును ఒక గిలకయే. ఉక్కుత్రాళ్ల ఒక కొనను పెట్టె. రెండవ కొనను, గోడవెంట కనబడకుండ దిగు ఎదురుబరువు. బిడ్డ బడికి పోవునప్పుడు అట్‌వుడ్ యంత్రములో నిలిచియే పోవుచున్నాడు!

లిఫ్టులోని రేకుపై '8 మంది, 544 కిలోలు' అని వ్రాసియుండును. మనిషికి 68 కిలోల లెక్క. ఖాళీ పెట్టె 800 కిలోలు అనుకొనవచ్చును. ఎదురుబరువును ఖాళీ పెట్టెకు సమముగా పెట్టరు. నిండు పెట్టెకు సమముగాను పెట్టరు. సాధారణముగా ఖాళీ పెట్టె బరువునకు మోయదగిన బరువులో సుమారు సగము కలుపుదురు. ఇక్కడ 800నకు 272 చేరి 1,072 కిలోలు. నలుగురెక్కినప్పుడు రెండువైపులును సరితూగును. మోటారునకు పని స్వల్పము. ఎనిమిదిమంది యెక్కినప్పుడు పెట్టె 272 కిలోలు హెచ్చు. ఎవరును లేనప్పుడు అంతే తక్కువ. నిండు పెట్టె సెకనుకు సెకనుకు 1 మీటరు త్వరణముతో పైకి బయలుదేరినచో, పెట్టెవైపు బిగువు 14,784 న్యూటనులు, ఎదురుబరువువైపు 9,648. మోటారు ఇయ్యవలసినది ఆ భేదము 5,136 మాత్రమే. ఎదురుబరువు లేనిచో మొత్తము 14,784ను అదియే భరింపవలసియుండెను. మూడింట రెండువంతుల భారమును ఒక మౌనమైన ఇనుపదిమ్మ మోయుచున్నది.

బిగువులు రెండువైపుల వేరువేరుగా నుండుట గమనింపదగినది. గిలకయంతటను బిగువు ఒక్కటే యని వల్లించిన బిడ్డ ఇక్కడ బోర్లపడును. ఆ మాట రాపిడి లేని తేలికగిలకకు చెల్లును. లిఫ్టుగిలకను మోటారు త్రిప్పుచున్నది. త్రాళ్లు దాని గాళ్లలో రాపిడిచేతనే పట్టుకొనియున్నవి. దూరముల నిబంధన మారలేదు. బిగువుల సమత మాత్రము పోయినది. ఈ రెండును వేరువేరు సంగతులని తెలిసిన బిడ్డకు ఈ పాఠములో భయపడవలసినది మిగులదు.

ఇంకొక వింత. బ్రేకును మోటారును పట్టు విడిచినచో ఖాళీ లిఫ్టు క్రింద పడునని అందరును భయపడుదురు. లెక్క చూచినచో ఎదురుబరువే హెచ్చు గనుక పెట్టె పైకి లేచును. త్రాళ్ల బరువును గిలక జడత్వమును విడిచినచో త్వరణము సుమారు 1.45. నిజముగా నట్లు జరుగకుండుటకే బ్రేకు స్ప్రింగుతో పట్టియుండును. కరెంటు దానిని విడిపించును గాని పట్టింపదు. కరెంటు పోయినప్పుడు లిఫ్టు ఎక్కడిదక్కడ నిలుచుటకు కారణమిదియే. తాడు తెగదు అను షరతు మాట వేరు. న్యూయార్కు ప్రదర్శనశాలలో 1854లో ఎలిషా ఓటిస్ తాను వేదికపై నిలిచి తాడు కోయించుకొనెను. పట్టుకొక్కెములు బిగిసి వేదిక నిలిచెను. ఆ పిమ్మటనే జనులు లిఫ్టు నెక్కుటకు మనసొగ్గిరి.

మెట్రో సంగతి క్లుప్తముగా చెప్పవచ్చును. 2005 డిసెంబరు 31న నీలిరంగు మార్గము ద్వారకకు వచ్చినది. పెట్టెలు కొక్కెములతో కూడియున్నవి గనుక అన్నిటి త్వరణము ఒక్కటే. ఇంజను లాగు మామూలు రైలులో 40 టన్నుల పెట్టెలు మూడున్నచో, త్వరణము అరమీటరైనప్పుడు, చివరి కొక్కెమున 20 వేల న్యూటనులు, దానిముందు 40 వేలు, ఇంజను వెనుక 60 వేలు. మెట్రోలో మోటారులు పెక్కు పెట్టెల క్రింద పంచబడియున్నందున కొక్కెములకు అంత శ్రమ లేదు.

మొన్నమొన్నటి పరీక్షలలో భాషాసౌకర్యమును పెరిగినది. 2021లో జె.ఇ.ఇ. మెయిన్ ప్రశ్నపత్రము తెలుగుతో సహా 13 భాషలలో వెలువడెను. ద్వారక బిడ్డ ఇంగ్లీషులోనే వ్రాయును, వ్రాయనిండు. కాని ఇంటిలో తండ్రి అడుగు ప్రశ్నలు తెలుగులో నుండుటకు అడ్డేమున్నది? ఏది దేనికి కట్టబడియున్నది? ఇది జానెడు కదలినచో అది యెంత కదలును? ఒక్కొక్క దిమ్మను విడిగా ఒక ఫైలుగా తెరచినచో, దానిని లాగుచున్నవా రెవరెవరు? ఇంతవరకు తండ్రి పని. సమీకరణము బిడ్డ చూచుకొనును.

దీపావళికి ముందు ద్వారకలో గోడలకు రంగులు వేయుదురు. పైకప్పున గిలక, తాడు ఒక కొనను పీట, పీటపై రంగువాడు. మనిషి 60 కిలోలు, పీటయు డబ్బాయు 20 కిలోలు అనుకొందురు గాక. తాడు రెండవ కొనను ఆతడే పట్టుకొని నిలిచినచో ఆతని చేతికి ఎంత భారము? ఆ కొననే నేలపైనున్న తోటివానికి అందించినచో వానికెంత? మొదటి పక్షమున పీటను మోయు త్రాళ్లు రెండు. చేతికి 400 న్యూటనులు, పైకొక్కెమునకు 800. రెండవ పక్షమున మోయునది ఒక్క తాడే. నేలవానికి 800, పైకొక్కెమునకు 1,600. నేలవాడు 60 కిలోలవాడైనచో వాని బరువు 600 మాత్రమే. తాడు దేనికిని కట్టక ఉత్తచేతులతో పట్టుకొన్నచో ఎవరు దిగుదురు, ఎవరు ఎక్కుదురు, ఎంత త్వరణముతో అనునది నేటిరాత్రి భోజనముల తరువాత పిల్లలు తేల్పవచ్చును.